లేని కర్టెన్

"సీసా ఎక్కడ దాచావో చెప్పు. చెబితే నీకే మంచిది."

ఇన్‌స్పెక్టర్ గొంతు కింద మెట్లకే వినిపించింది. మూడో అంతస్తుకి ఎక్కుతున్న గుండుసూది, మెట్ల మలుపు దగ్గర ఆగి ఊపిరి కూడదీసుకుంది. ఆయాసపడుతూ ఎదుటివాడి ముందు నిలబడటం ఆమెకు ఇష్టం ఉండదు. ఆ గొంతు గలవాడి ముందు అసలే ఇష్టం ఉండదు.

గుండుసూది ఆమె అసలు పేరు కాదు. పోలీసు శాఖలో ఉన్నప్పుడు తోటివాళ్ళు పెట్టిన పేరు. సన్నగా, పొట్టిగా, నడినెత్తిన గుండ్రటి కొప్పుతో ఉంటుంది. ఎక్కడైనా గుచ్చుకుందంటే పని తేలేదాకా ఊడిరాదు. శాఖ వదిలి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నా ఆ పేరు మాత్రం ఆమెను వదల్లేదు. పైన అరుస్తున్న ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు ఆమె చేతికింద పని నేర్చుకున్నవాడే. చొక్కా నలిగితే కేసు రేపటికి వాయిదా వేసే రకం కాబట్టి అతనికి ఇస్త్రీ అని పేరు.

తలుపు బార్లా తెరిచి ఉంది. ముందు గదిలో గోడకు వీపు ఆనించి కళ్ళద్దాలమ్మాయి నిలబడి ఉంది. కళ్ళద్దాల షాపులో లెన్సులు అరగదీసే పని ఆమెది. ఆమె నడుం చుట్టూ చేతులు వేసి ఆరేళ్ళ కూతురు అతుక్కుపోయి ఉంది. బొద్దుగా ఉంటుందని ఆ పిల్లను బుడంకాయ్ అంటారు. కుర్చీ అంచున, ఒళ్ళో సంచీ పెట్టుకుని, పిల్లల సంరక్షణ శాఖ అధికారిణి కూర్చుని ఉంది.

"రండి మేడం," అన్నాడు ఇస్త్రీ. "మంచి టైంకి వచ్చారు. పిల్లను తీసుకెళ్ళేటప్పుడు సాక్షి సంతకం కావాలి."

"సాక్ష్యం చెప్పడానికి ముందు ఏం జరిగిందో చూడాలి కదా ఇస్త్రీ. అది నేను నీకు మొదటి వారంలోనే నేర్పాను."

అతని మొహం ఎర్రబడింది. అధికారిణి కళ్ళు దించుకుని సంచీ జిప్పు సరిచేసుకుంది.

"అక్కా," అంది కళ్ళద్దాలమ్మాయి. ఏడవలేదు. "మళ్ళీ పంపాడు."

ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఆమె మొగుడు మెడికల్ రెప్. డాక్టర్లతో తేనె పూసినట్టు మాట్లాడి మందులు అమ్మడం అతని వృత్తి. ఇంటికొచ్చాక నోటికి కాదు, చేతికి పని చెప్పేవాడు. లెన్సు పట్టుకునే కుడిచేతి మణికట్టే చూసి విరగ్గొట్టాడు. ఆ ఎముక అతుక్కున్నాక ఆమె పిల్లను తీసుకుని బయటికి వచ్చేసింది. ఆమె ఎక్కడున్నా ఆ వీధిలో అడుగుపెట్టకూడదని, ఆమెను ఏ విధంగానూ వేధించకూడదని కోర్టు అతనికి ఉత్తర్వు ఇచ్చింది. అతను బుద్ధిగా తల ఊపాడు.

ఆ తర్వాత ఆమె తలుపును గవర్నమెంటు కొట్టడం మొదలుపెట్టింది.

మొదట బడి శాఖవాళ్ళు వచ్చారు. పిల్లను దొంగ సర్టిఫికెట్‌తో చేర్పించిందని ఎవరో ఫిర్యాదు ఇచ్చారట. గుండుసూది వెళ్ళి అది అబద్ధమని తేల్చింది. తేలిందని రాసిన కాగితం నిబంధన ప్రకారం తల్లికీ తండ్రికీ పంపారు. దానిమీద ఇంటి అడ్రసు ఉంది. ఆమె అంతవరకు ప్రాణంలా దాచుకున్న అడ్రసు అలా అతని చేతిలో పడింది. ఇల్లు మారదామని గుండుసూది అంటే ఆమె ఒప్పుకోలేదు. "రెండిళ్ళు మారాను. ఇక నేను మారను, వాడు మారాలి," అంది. ఆ తర్వాత భవనాల శాఖ వచ్చింది, గోడలు బీటలు వారాయని. ఇప్పుడు ఇది.

"ఫిర్యాదులో ఏముందో చదవండి మేడం," అంది గుండుసూది అధికారిణితో.

"అది రహస్యం," అన్నాడు ఇస్త్రీ అడ్డొస్తూ.

"ఇచ్చినవాడి పేరు రహస్యం. ఇందులో ఉన్న నేరం ఈ అమ్మాయి మీద మోపింది. తన మీద ఏం మోపారో తనకు తెలియకూడదా?"

అధికారిణి ఒక క్షణం ఆలోచించింది. యాభై దాటిన మనిషి. ఇలాంటి గదులు చాలా చూసిన అలసట మొహంలో ఉంది. సంచీలోంచి ఫోన్ తీసి చదివింది.

"'వంటగదిలో పొయ్యి పక్క కిటికీలో, పసుపు కర్టెన్ చాటున, నీలం సీసాలో నిద్రమందు ఉంటుంది. తల్లి దాన్ని పిల్లకు తాగించి, ఇంటికి తాళం వేసి పోతుంది. ప్రజాహితం కోరి తెలియజేస్తున్నాను.'"

"వంటగది వెతికారా?"

"వెతికాం. సీసా లేదు."

"మరి?"

"లేదు కాబట్టే అనుమానం," అన్నాడు ఇస్త్రీ. "మేం వస్తున్నామని ముందే తెలిసి సీసా పారేసింది. కర్టెన్ కూడా పీకేసింది. తప్పు లేకపోతే కర్టెన్ ఎందుకు పీకుతుంది?"

"ఉంటే ఒక తప్పు, లేకపోతే రెండు తప్పులు. బాగుంది." గుండుసూది అధికారిణి వైపు తిరిగింది. "పిల్లను ఎక్కడికి తీసుకెళ్తారు?"

అధికారిణి ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. "తల్లి దగ్గర ప్రమాదం ఉందనుకుంటే ముందు తండ్రికి అప్పజెప్పాలి. అతని మీద ఉన్న ఉత్తర్వు భార్యను కొట్టినందుకు. పిల్లను కొట్టినట్టు ఎక్కడా లేదు."

"అంటే ఈ గడప తొక్కొద్దని కోర్టు చెప్పినవాడి ఇంటికి, మీరే బండిలో ఎక్కించుకుని పిల్లను దింపి వస్తారు."

బుడంకాయ్ తల్లి నడుములో మొహం దాచుకుంది.

గుండుసూది వంటగదిలోకి నడిచింది. చిన్న గది. ఒక పొయ్యి, ఒక సింకు, గోడకు రెండు అరలు, పొయ్యి పక్కన ఊచల కిటికీ. ఆమె కిటికీ ముందు నిలబడి చెక్క చట్రం మీద వేలితో మెల్లగా రాసుకుంటూ పోయింది. పైన ఒక మూల నుంచి ఇంకో మూల దాకా. తర్వాత ఇరుపక్కలా.

"ఇస్త్రీ, ఇలా రా."

"ఏమిటి?"

"కర్టెన్ పీకేసిందన్నావుగా. దేనికి తగిలించి ఉండేదో చూపించు."

అతను తలెత్తి చూశాడు. రాడ్డు లేదు. రాడ్డు పెట్టుకునే కొక్కేలు లేవు. మేకు లేదు, మేకు కొట్టిన చిల్లు లేదు. చట్రానికి వేసిన పాత రంగు ఎక్కడా పెచ్చు లేవలేదు. దానిమీద వంట జిడ్డు పొరలాగా పేరుకుని, వేలు రాసినచోట మాత్రమే చారపడింది.

"టేపుతో అంటించి ఉంటుంది," అన్నాడు.

"ఈ జిడ్డు మీద టేపు అంటుకుంటే ఆ టేపు కంపెనీకి నేనే పోయి దండ వేస్తాను."

గుమ్మంలో నిలబడి చూస్తున్న అధికారిణి దగ్గరికి వచ్చింది. తనూ ఒకసారి వేలు రాసి చూసుకుంది. ఫోన్‌లో ఉన్న ఆ ఫిర్యాదును మళ్ళీ మొదటినుంచి చదువుకుంది.

"ఈ కిటికీకి ఏనాడూ కర్టెన్ లేదు," అంది గుండుసూది. "ఉందని రాసినవాడు అబద్ధం ఆడాలనుకుంటే ఇంత వివరంగా కర్టెన్ రంగుతో సహా ఆడక్కర్లేదు. వాడు ఏదో చూశాడు. చూసినదాన్ని కర్టెన్ అనుకున్నాడు." కళ్ళద్దాలమ్మాయి వైపు తిరిగింది. "ఇంట్లో పసుపు రంగువి ఏమేం ఉన్నాయి?"

ఆమె చుట్టూ చూసింది. "పసుపుదంటే దీని గౌను ఒక్కటే అక్కా."

"దాన్ని ఈ కిటికీ దగ్గర ఎప్పుడైనా పెట్టావా?"

"బట్టలన్నీ మేడ మీదే ఆరేస్తాను. ఒక్కసారి మాత్రం..." ఆమె ఆగిపోయింది. కళ్ళు చిన్నవయ్యాయి. లెన్సులో గీత వెతికేటప్పుడు చూసినట్టు చూసింది ఆ కిటికీని. "వానపడిన రోజు. బురదలో పడి వచ్చింది ఇది. మర్నాడు బడికి అదే గౌను కావాలంది. ఉతికి ఈ ఊచలకే వేలాడదీశాను, పొయ్యి వేడికి ఆరుతుందని."

"నీలం సీసా?"

"ఆరోజే. షాపు నుంచి అద్దాలు తుడిచే మందు పాత సీసాలో పోసుకొచ్చాను. ఇంటావిడ కళ్ళజోడు మసకబారిందంటే శుభ్రం చేసిద్దామని. మర్నాడు సీసా తిరిగి షాపులో ఇచ్చేశాను."

"అంటే గౌనూ సీసా కలిసి ఈ కిటికీలో ఉన్నది ఆ ఒక్క సాయంత్రమే. ఆ సాయంత్రం ఈ గదిలోకి ఎవరొచ్చారు?"

"భవనాల శాఖాయన. గోడలు కొట్టి చూస్తూ ఇల్లంతా తిరిగాడు." ఆమె గొంతు ఇంకా మెల్లగా వచ్చింది. "ఫోటోలు తీశాడు."

ఇస్త్రీ చేతులు కట్టుకున్నాడు. "కథ బాగుంది మేడం. ఆమె చెప్పిన గౌను, ఆమె చెప్పిన సీసా, ఆమె చెప్పిన రోజు. నేరం మోపబడినవాళ్ళ మాట ఒక్కటే పట్టుకుని నడవకూడదని నాకు నేర్పింది కూడా మీరే."

ఆ మాట నిజమే. గుండుసూదికి కోపం రాలేదు. లోలోపల కొంచెం సంతోషం కూడా వేసింది.

"సరే, వేరే మాట తెస్తాను. మేడం, ఎప్పటిదాకా ఆగగలరు?"

"మా ఆఫీసు మూసేలోగా," అంది అధికారిణి. "అప్పటికీ రుజువు లేకపోతే నేను చేయాల్సింది చేస్తాను. ఇష్టమై కాదు. రేపు ఈ పిల్లకు ఏమైనా అయితే ఎవరూ నన్ను కర్టెన్ గురించి అడగరు."

"ఆగండి," అంది కళ్ళద్దాలమ్మాయి. గోడ వదిలి ముందుకు వచ్చింది. "మీరిక్కడే కూర్చోండి. కుర్చీలు వేస్తాను, మంచినీళ్ళిస్తాను. కానీ అక్క తిరిగొచ్చేదాకా నా కూతురు ఈ గది దాటదు. వాడు కొట్టినప్పుడు నోరు మూసుకుని ఉన్నాను కదా, ఇంకా అలాగే ఉంటానని వాడు అనుకుంటున్నాడు. మీరు కూడా అలా అనుకోవద్దు."

*

భవనాల శాఖ ఇన్‌స్పెక్టరుని ఆఫీసులో గోడలాయన అంటారు. ఏ గదిలోకి వెళ్ళినా వేలి కణుపులతో గోడ మీద రెండుసార్లు కొట్టి చెవి పెట్టడం అలవాటు. గుండుసూది అతని బల్ల ముందు కూర్చునేసరికి అతను మధ్యాహ్నం తిన్న డబ్బా కడిగి బోర్లిస్తున్నాడు.

"ఆ ఇంటి వంటగది ఫోటో ఎవరికి ఇచ్చారు?"

అతను ఒంటికాలి మీద లేచాడు. "ఎవరికీ ఇవ్వలేదు. నా సర్వీసులో ఎవరి దగ్గరా పైసా ముట్టుకోలేదు. కావాలంటే బయట అడగండి."

"లంచం గురించి అడగలేదండీ. ఫోటో గురించి అడిగాను."

"ఫోటో ఆఫీసు వెబ్‌సైట్లో పెట్టాను. పెట్టి తీరాలి. అది రూలు."

"పెడితే ఎవరికి కనబడుతుంది?"

"ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకి." ఇప్పుడు అతని గొంతులో కొంచెం గర్వం తొంగిచూసింది. "ఒకప్పుడు ఫిర్యాదు ఇస్తే అది ఏ బావిలో పడిందో తెలిసేది కాదు. ఇప్పుడు అలా కాదు. మేం వెళ్ళామా, చూశామా, ఏం తేల్చామో, అన్నీ ఫోటోలతో సహా వాళ్ళ ఫోన్‌కే పోతాయి. లింకు నొక్కితే చాలు."

"ఆ లింకు ఎవరి ఫోన్‌కి పోయింది?"

"అది చెప్పకూడదు."

"సరే. ఫోటో చూపించండి."

అతను కంప్యూటర్ తిప్పాడు. తెర మీద ఆ వంటగది కనబడింది. కిటికీ నిండా బయటి వెలుతురు. ఆ వెలుతురుకు అడ్డంగా పసుపు గుడ్డ పల్చగా మెరుస్తోంది. చేతులు వెనక్కి మడిచి ఆరేసిన గౌను అని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. తెలియనివాళ్ళకి అది చక్కటి కర్టెన్. దాని అంచున నీలం సీసా.

గుండుసూది చాలాసేపు చూసింది. "మీకొచ్చిన ఫిర్యాదు ఏమిటి?"

"గోడ బీటలు వారిందని."

"బీట ఎక్కడుంది?"

"వెనకవైపు బయటి గోడకి. చిన్నదే."

"బయటి గోడకి బీట ఉంటే వంటగది ఫోటో ఎందుకు?"

"లోపలికి వెళ్ళి చూసినట్టు రుజువు ఉండాలి కదండీ. లేకపోతే బయటినుంచే వచ్చేశాడంటారు."

"అంటే మీ డ్యూటీకి రుజువు కావాలని ఆమె వంటగదిని బజార్న పెట్టారు."

గుండుసూది గొంతు తగ్గించింది. గుచ్చేది గుచ్చాక మెలితిప్పడం ఆమె పద్ధతి కాదు.

"ఆ అమ్మాయి మొగుడు ఆ వీధిలోకి రాకూడదని కోర్టు ఉత్తర్వు ఉంది. మీరు ఆ ఫోటో పెట్టాక అతనికి రావాల్సిన అవసరమే లేకపోయింది. ఇంట్లో ఏముందో మీరే చూపించారు. దాన్ని పట్టుకుని ఇంకో శాఖకి ఇంకో ఫిర్యాదు పెట్టించాడు. ఈ సాయంత్రం పిల్లను తీసుకుపోతారు."

గోడలాయన బోర్లించిన డబ్బాను మళ్ళీ తిప్పి పెట్టాడు, మళ్ళీ బోర్లించాడు.

"ఫిర్యాదు ఇచ్చింది మొగుడు కాదండీ," అన్నాడు చివరికి. "పేరు చెప్పను. కానీ ఆయన నాకు తెలుసు. అంటే గొంతు తెలుసు. తరచూ ఫోన్ చేస్తాడు. చాలా మర్యాదస్తుడు. ప్రజాహితం కోరి చెబుతున్నాను సార్, ఫలానా ఇంటి గోడ ప్రమాదంగా ఉంది, ఒకసారి చూడండి అంటాడు. ఇలాంటి పౌరులు పదిమంది ఉంటే చాలనుకునేవాణ్ణి."

గుండుసూది ముందుకు వంగింది. "తరచూ అంటే? వేరే ఇళ్ళ గురించి కూడానా?"

"చాలా ఇళ్ళు. వేర్వేరు చోట్ల."

"వెళ్ళి చూశారా? నిజంగా ప్రమాదం ఉందా?"

"ఎక్కడా చెప్పుకోదగ్గది లేదు."

"తలుపు ఎవరు తీశారు?"

"అంటే?"

"ఆ ఇళ్ళకి వెళ్ళి తలుపు కొట్టినప్పుడు ఎవరు తీశారు? జ్ఞాపకం చేసుకోండి. తొందరలేదు."

అతను కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆడవాళ్ళే," అన్నాడు.

"మగమనిషి ఉన్న ఇల్లు?"

"లేదు." వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "ఒక్కటి కూడా లేదు. అందరూ గొలుసు తీయకుండా సందులోంచే చూసేవాళ్ళు. నా కార్డు చూపిస్తే కానీ తీసేవాళ్ళు కాదు. ఒకావిడ అయితే... నేను తలుపు కొట్టగానే పిల్లలిద్దర్నీ మంచం కిందికి తోసేసింది. గోడ చూడటానికి వంగితే వాళ్ళ కళ్ళు కనబడ్డాయి. దొంగాట ఆడుకుంటున్నారా అని నవ్వాను. నవ్వాను మేడం నేను."

గుండుసూది అతన్ని ఓదార్చలేదు. ఓదార్చే టైం లేదు. ఇది ఒక మొగుడి కక్ష కాదని, మొగుళ్ళ తరఫున ఈ పని చేసిపెట్టేవాడు ఒకడున్నాడని ఇప్పుడు తేలిపోయింది. ఏ శాఖ దేనికి కదులుతుందో, కదిలాక ఏ కాగితం ఎవరికి పోతుందో వాడికి కొట్టిన పిండి.

"ఆ ఫోటోలు ఇప్పుడు కూడా లింకులో కనబడుతున్నాయా?"

"కనబడతాయి."

"తీసేయండి."

"పైవాళ్ళ అనుమతి కావాలండీ."

"పెట్టేటప్పుడు ఎవరి అనుమతి తీసుకున్నారు?"

గోడలాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆ వంటగది ఫోటో ప్రింటు ఒకటి తీసి ఆమె చేతికిచ్చాడు. తర్వాత తెర మీద ఆ ఇంటి లోపలి ఫోటోలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఆగకుండా ఇంకో ఇంటివి తెరిచాడు. ఆ తర్వాత ఇంకోటి.

"ఉద్యోగం పోతుందేమో," అన్నాడు తలెత్తకుండా.

"పోతే నా దగ్గరికి రండి. గోడలకి చెవులు పెట్టేవాళ్ళు మా వృత్తిలో పనికొస్తారు. ముందు నాతో వచ్చి ఇదంతా పోలీసు ఇన్‌స్పెక్టరుకి చెప్పండి. నాకు చెప్పకూడని నంబరు ఆయనకి చెప్పొచ్చు."

*

వాళ్ళు మెట్లెక్కి వచ్చేసరికి ఇస్త్రీ కుర్చీలో కాలుమీద కాలు వేసుకుని ఉన్నాడు. అధికారిణి కిటికీ దగ్గర నిలబడి ఉంది. కళ్ళద్దాలమ్మాయి అన్నంత పనీ చేసింది. కుర్చీ వేసుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. బుడంకాయ్ ఆమె ఒళ్ళో నిద్రపోతోంది.

ఇస్త్రీ ఫోటో చూశాడు. గోడలాయన చెప్పింది విన్నాడు. నంబరు తన ఫోన్‌లో ఎక్కించుకున్నాడు. అంతా అయ్యాక తల అడ్డంగా ఊపాడు.

"ఫిర్యాదు ఇచ్చినవాడు ఫోటో చూసి రాశాడు. ఒప్పుకుంటాను. కానీ వాడికీ మొగుడికీ సంబంధం ఏది? ఎవరో పనిలేనివాడు రాశాడనుకోండి. మొగుడు పాపం ఏమీ తెలియని తండ్రి కావచ్చు."

గుండుసూది జవాబు చెప్పబోతుండగా అధికారిణి ఫోన్ మోగింది. ఆమె తెర చూసి అందరికీ చూపించింది. తండ్రి.

"పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి," అంది. "పిల్లను ఎప్పుడు తెస్తున్నారని."

"నాకివ్వండి," అన్నాడు ఇస్త్రీ. ఫోన్ తీసుకుని స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టాడు. గుండుసూది వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. పని నేర్చుకునే రోజుల్లో, నన్ను చేయనివ్వండి అని అడిగేటప్పటి చూపు. ఆమె పక్కకి తప్పుకుంది.

"సార్, నేను ఇన్‌స్పెక్టర్ని."

"నమస్తే సార్. మీ అందరికీ శ్రమ ఇస్తున్నాను." గొంతు మెత్తగా, నింపాదిగా ఉంది. గుమ్మంలో కూర్చున్న కళ్ళద్దాలమ్మాయి భుజాలు బిగుసుకున్నాయి. "నా బిడ్డ ఎలా ఉంది సార్?"

"బాగానే ఉంది. మీ మీద ఉత్తర్వు ఉంది కదా, అందుకని అడుగుతున్నాను. ఈ ఇల్లు మీరెప్పుడైనా చూశారా?"

"ఆ వీధి ముఖం కూడా చూడలేదు సార్. కోర్టు మాటంటే నాకు వేదం."

"ఫిర్యాదు సంగతి?"

"ఎవరో పుణ్యాత్ములు ఇచ్చారని మేడం ఫోన్ చేశాకే తెలిసింది."

"ఆ. ఒక చిన్న చిక్కు వచ్చింది సార్. సీసా దొరికింది. కానీ మీ ఆవిడ అది కళ్ళద్దాలు తుడిచే మందు అంటోంది. నిజమే కావచ్చు, షాపులో పని కదా. మీరేమంటారు?"

అవతల చిన్న నవ్వు వినిపించింది. "దాని మాటలు నమ్ముతున్నారా సార్? కళ్ళద్దాలు తుడిచే మందైతే పోయి పోయి కిటికీలో కర్టెన్ చాటున ఎందుకు పెడుతుంది?"

తనూ చెప్పలేదన్నట్టు అధికారిణి తల అడ్డంగా ఊపింది.

ఇస్త్రీ చొక్కా ముందుభాగం సరిచేసుకున్నాడు. "కిటికీ అని నేను అనలేదు సార్," అన్నాడు. "కర్టెన్ అని కూడా అనలేదు."

అవతలి గొంతులో ఇప్పుడు తేనె లేదు. "ఫోన్ దానికివ్వండి."

ఇవ్వక్కర్లేకపోయింది. కళ్ళద్దాలమ్మాయి పిల్లను గుండుసూది భుజం మీదికి మార్చి తనే బల్ల దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ బల్ల మీద ఆనించి, ఫోన్ మీదికి వంగింది.

"వింటున్నాను, చెప్పు."

"ఎక్కడికి పోయినా సరే..."

"ఎక్కడికీ పోవడం లేదు. ఇదే ఇల్లు, ఇదే తలుపు. అడ్రసు నీకు తెలుసుగా. నువ్వే రాలేకపోతున్నావు. ఇకమీదట నువ్వు పంపినవాళ్ళు కూడా రారు. వచ్చినా ముందు నిన్ను నిలదీశాకే వస్తారు." ఒక్క క్షణం ఆగింది. "నా చెయ్యి బాగయింది. నిన్నటికి నిన్న బిగించిన అద్దాల్లో ఒక్క గీత లేదు. అది చెబుదామని."

ఎర్ర గుర్తు నొక్కింది.

అధికారిణి కూర్చుని ఫోన్‌లో టైపు చేసింది. రాస్తూనే పైకి చదివింది. పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది. ఈ కుటుంబం మీద ఇకపై ఏ ఫిర్యాదు వచ్చినా ముందు కోర్టు ఉత్తర్వు చూడాలి, ఫిర్యాదు ఇచ్చినవాణ్ణి విచారించాలి, తల్లికి సంబంధించిన ఏ కాగితం మీదా అడ్రసు ఉండకూడదు.

"ఇలా రాయొచ్చని ఇన్నేళ్ళూ నాకు తట్టలేదు," అంది. "రాయకూడదని ఎవరూ చెప్పలేదు కూడా."

ఇస్త్రీ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మొగుణ్ణి ఇప్పుడే తీసుకొస్తాను. ఉత్తర్వు ఉల్లంఘన." కొంచెం తటపటాయించాడు. "మేడం, మీరు శాఖ వదలకుండా ఉండాల్సింది."

"వదలకపోతే నీకింద పనిచేయాల్సి వచ్చేది. రోజూ చొక్కాలు ఎవరు ఇస్త్రీ చేస్తారు?"

అతను నవ్వాడు. గోడలాయన కూడా నవ్వాడు. పొద్దుటి నుంచి ఆ గదిలో అదే మొదటి నవ్వు. అది పూర్తికాకముందే ఇస్త్రీ ఫోన్ మోగింది.

"చెప్పండి మేడం... వృద్ధుల సంరక్షణ శాఖా? తోడు ఎవరినైనా పంపమంటారా, సరే. కేసేమిటి?... ముసలి తల్లిని కూతురు గదిలో పెట్టి తాళం వేసి, తిండి పెట్టకుండా చంపుతోందా. ప్రజాహితం కోరి... ఏమన్నారు? ఆ మాట మళ్ళీ చదవండి." అతని మొహంలో నవ్వు జారిపోయింది. "అడ్రసు చెప్పండి."

విన్నాడు. తలెత్తి గుండుసూది వైపు చూశాడు.

"మీ ఇల్లు," అన్నాడు.

గుండుసూది పిల్లను తల్లికి అందించింది. తన ఇంట్లో ఉండేది తనూ, తన తల్లీ ఇద్దరే. తల్లి చేతికర్ర లేకుండా నడవలేదు. బడి ఫిర్యాదు అబద్ధమని తేల్చింది తనేనని ఆ మర్యాదస్తుడికి తెలియకుండా ఉంటుందా? తనకు కూడా ఒక తలుపు ఉందని వాడు కనుక్కున్నాడు. ఆమె ఇంటికి ఫోన్ చేసింది. మొదటి రింగుకే తల్లి ఎత్తింది.

"నీకే చేద్దామనుకుంటున్నానే," అంది తల్లి గుసగుసగా. "ఎవరో గవర్నమెంటు ఆఫీసరొచ్చాడు. వృద్ధుల శాఖట. నీ మీద ఫిర్యాదు వచ్చిందట, నన్ను చూడాలట. తలుపు తీయమంటున్నాడు."

గుండుసూది ఫోన్ చెవికి దూరం చేసి ఇస్త్రీని చూసింది. "ఆ శాఖవాళ్ళు ఎక్కడున్నారు?"

అతను తన ఫోన్‌లో అడిగాడు. జవాబు వింటుంటే అతని దవడ బిగుసుకుంది. "ఆఫీసులోనే. ఇంకా ఎవరూ బయల్దేరలేదు. నా మనిషి కోసం చూస్తున్నారు."

అయితే తలుపు దగ్గర ఉన్నది ఎవరో గదిలో అందరికీ అర్థమైంది. గోడలాయన ఠక్కున లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ అప్పటికే మెట్ల మీదికి పరుగెత్తాడు. గుండుసూది ఫోన్ చెవికి ఆనించుకుని వెంట దిగింది.

"అమ్మా, తలుపు తీయకు. వాడు ఆఫీసరు కాదు. గడియతో పాటు గొలుసు కూడా వెయ్యి."

"వేసే ఉంచాను. నేనేమన్నా చంటిపిల్లనా. మాట మహా మెత్తగా ఉంది వీడిది, అప్పుడే అనుకున్నాను." అవతల గడియ కదిపిన చప్పుడు, కర్ర నేల మీద ఆనించిన చప్పుడు. "వీడేనా నువ్వు వెతుకుతున్నది?"

"వీడే అనుకుంటా. ఇప్పటిదాకా ఒక్కరూ వాడి మొహం చూడలేదు. నువ్వు లోపలి గదిలోకి వెళ్ళి కూర్చో."

"లోపలికి వెళ్తే వీడు పోతాడు కదే."

"పోతే పోనీ అమ్మా."

"పోనివ్వను," అంది తల్లి. గుసగుస ఆపేసి మామూలు గొంతుతో అంది. "ఎంతసేపట్లో వస్తావు?"

బండి ఇంజన్ మోగింది. గుండుసూది ముందు సీట్లో కూలబడి తలుపు లాగింది. "పావుగంట."

"చాలా తక్కువ. సరే, కుదించి చెబుతాను." కర్ర చప్పుడు తలుపు దగ్గరికి పోయింది. ఆ తర్వాత ఆమె గొంతు ఫోన్‌కి కాదు, ఎదుటివాడికి వినిపించేలా, నింపాదిగా సాగింది. "తీస్తాను నాయనా, తీస్తాను, ఈ గొలుసు ఒకటి పట్టేసి చస్తోంది. అది ఊడేలోగా నా కూతురు నన్ను ఎన్ని బాధలు పెట్టిందో మొదటినుంచీ చెబుతాను, రాసుకో. ఇది పుట్టిన రోజు పొద్దున..."